స్పోర్ట్స్ కారుకు ముందు నంబరు ప్లేటు: నిబంధనలు, బిగింపు విధానం

రహదారి ప్రమాదాల వార్తలలో "గుర్తు తెలియని వాహనం ఢీకొని" అన్న మాట పాఠకులకు సుపరిచితమే. ఆ మాట వెనుక ఒక కుటుంబ భవిష్యత్తు ముడిపడి ఉంటుంది. ఢీకొన్న వాహనం జాడ తెలిసినప్పుడు మృతుని వయస్సు, ఆదాయం, ఆయనపై ఆధారపడిన వారి సంఖ్యను పరిగణనలోనికి తీసుకొని మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ నష్టపరిహారాన్ని నిర్ణయిస్తుంది. జాడ తెలియనప్పుడు మోటారు వాహనాల చట్టం, 1988లోని 161వ సెక్షన్ కింద, 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోనికి వచ్చిన పథకం ప్రకారం మరణానికి 2 లక్షల రూపాయలు, తీవ్ర గాయానికి 50 వేల రూపాయలు మాత్రమే లభిస్తాయి. ఎదురుగా వచ్చే వాహనాన్ని చూసిన సాక్షికైనా, కూడలిలోని కెమెరాకైనా తొలుత కనబడేది ముందు నంబరు ప్లేటే.

ఖరీదైన స్పోర్ట్స్ కార్ల యజమానులు కొందరు ఈ ప్లేటును బిగించుటకు వెనుకాడుతున్నారు. బంపరుకు రంధ్రాలు పడతాయని, కారు అందం చెడుతుందని వారి సంకోచం. అమెరికాలోని ఫ్లోరిడా, పెన్సిల్వేనియా వంటి రాష్ట్రాలలో వెనుక ప్లేటు ఒక్కటే సరిపోతుంది. కాలిఫోర్నియా, టెక్సాస్‌లలో రెండూ ఉండాలి. మన దేశంలో మాత్రం కారు ఏదైనప్పటికీ ముందు, వెనుక రెండు ప్లేట్లూ తప్పనిసరి.

నిబంధనలు

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 50, 51 నిబంధనలు ఈ విషయాన్ని వివరిస్తాయి. కారు ప్లేటు సాధారణంగా 500 మిల్లీమీటర్ల పొడవు, 120 మిల్లీమీటర్ల వెడల్పు కలిగి ఉంటుంది. అక్షరాలు, అంకెల ఎత్తు 65 మిల్లీమీటర్లు. అలంకార లిపికి, బొమ్మలకు, ఇతర పేర్లకు తావు లేదు. 2019 ఏప్రిల్ 1 నుంచి తయారైన వాహనాలకు హై సెక్యూరిటీ రిజిస్ట్రేషన్ ప్లేటును వాహనంతో పాటు సమకూర్చవలసిన బాధ్యత తయారీదారులపై ఉంది. అల్యూమినియంతో చేసిన ఈ ప్లేటుపై హోలోగ్రామ్, లేజరుతో చెక్కిన గుర్తింపు సంఖ్య ఉంటాయి. ఒకసారి బిగించిన పిదప ఊడదీసి తిరిగి వాడుటకు వీలులేని తాళాలతో దీనిని అమర్చుతారు. కనుక బంపరుపై అంటించిన స్టిక్కరు గాని, అద్దం వెనుక డ్యాష్‌బోర్డుపై నిలిపిన ప్లేటు గాని దీనికి ప్రత్యామ్నాయం కాజాలవు.

బిగించే విధానం

స్పోర్ట్స్ కారు బంపరు నేలకు దగ్గరగా, వంపు తిరిగి ఉంటుంది. పలుచని ప్లేటును ఆ వంపుకు అనుగుణంగా వంచరాదు. ముందుగా ఆ మోడలుకు తయారీదారు రూపొందించిన బ్రాకెట్‌ను తెప్పించుకొనుట ఉత్తమం. దాని వెనుక భాగం బంపరు వంపుకు సరిపోతుంది. ముందు భాగం చదునుగా ఉండి ప్లేటుకు ఆధారమవుతుంది.

బంపరును శుభ్రపరచి, రంగు దెబ్బతినకుండా కాగితపు టేపు అంటించవలెను. రెండు హెడ్‌లైట్ల నుంచి కొలిచి మధ్యగీతను గుర్తించి, కారును సమతల నేలపై నిలిపి, బ్రాకెట్ అడ్డంగా సరిగా ఉన్నదీ లేనిదీ రసమట్టంతో సరిచూడవలెను. రంధ్రం వేయుటకు ముందు బంపరు వెనుక ఏమున్నదో తెలుసుకొనుట అత్యవసరం. ఇంజను వెనుక ఉన్న కార్లలో సైతం రేడియేటర్లు, ఏసీ కండెన్సరు తరచుగా ముందు భాగంలోనే ఉంటాయి. డ్రిల్లు లోతుకు మించి దిగితే ఒక చిన్న రంధ్రం పెద్ద ఖర్చుగా మారుతుంది. అందువలన మొనకు టేపు చుట్టి లోతును పరిమితం చేసి, తొలుత సన్నని రంధ్రం, ఆపై తగిన పరిమాణంలో రంధ్రం వేయవలెను. తుప్పు పట్టని ఉక్కు మరలు, రబ్బరు వాషర్లు వాడితే కదలిక, చప్పుడు, రంగు గీతలు నివారింపబడతాయి.

రంధ్రాలు వద్దనుకొనేవారికి మరొక మార్గం ఉంది. కారును లాగుటకు వాడే కొక్కెం బిగించే మరరంధ్రం చాలా కార్ల బంపరులో చిన్న మూత వెనుక ఉంటుంది. దానిలో అమరే ప్రత్యేక బ్రాకెట్లు లభిస్తాయి. అయితే ప్లేటు ఒక ప్రక్కకు వస్తుంది. కారును లాగవలసి వచ్చినప్పుడు బ్రాకెట్‌ను తీయవలసి ఉంటుంది. ప్రయాణపు అదురుకు మర వదులుకాకుండా బిగింపు నట్టును అప్పుడప్పుడు పరీక్షించవలెను.

ఏ పద్ధతిలోనైనా ప్లేటు గాలి ద్వారాలను, లైట్లను, పార్కింగ్ సెన్సర్లను, రాడార్‌ను కప్పరాదు. బిగించిన తరువాత సెన్సర్లు అకారణంగా మోగుతున్నవేమో గమనించి, కొన్ని అడుగుల దూరం నుంచి నంబరు స్పష్టంగా కనబడుతున్నదో లేదో చూడవలెను. బొత్తాం నొక్కగానే ప్లేటు మడతపడే పరికరాలను ఎట్టి పరిస్థితులలోను వాడరాదు. నంబరును దాచుటే వాటి పని.

బంపరుపై పడిన రెండు రంధ్రాలను తరువాత పూడ్చి రంగు వేయించుకొనవచ్చును. నంబరు తెలియక న్యాయం దక్కని కుటుంబానికి కలిగిన నష్టం అట్లు పూడదు. వాహన యజమానులు ఈ విషయాన్ని గుర్తించి, తమ వాహనాలకు ముందు నంబరు ప్లేటును నిబంధనల ప్రకారం అమర్చుకొనవలసిన అవసరం ఎంతైనా ఉంది.