ఇంటి కంప్యూటరులో ఆటసర్వరు: నాలుగు గడపల పరీక్ష

గృహిణికి తన యింటి తలుపులన్నియు తెలిసియుండును. ఏ తలుపు ఎప్పుడు తీయవలయునో, ఏ గడియ రాత్రివేళ తప్పక వేయవలయునో ఆమెకు వేరొకరు చెప్పనక్కరలేదు. కాని యిప్పటి యిండ్లలో కంటికి కనబడని వాకిలి యొకటి వచ్చి చేరినది. గోడకు తగిలింపబడి, పచ్చని దీపములు మిణుకుమిణుకుమనుచుండు రౌటరు పెట్టెయే ఆ వాకిలి. నెలనెలా దాని సొమ్ము చెల్లించువారము మనమే యైనను, దాని సంగతి వచ్చినప్పుడు "అది పిల్లలకే తెలియును" అని తప్పుకొనుట మనలో పలువురకు వాడుక యైనది. పిల్లల ఆట మూలముగా ఆ వాకిలి మర్మము నించుక తెలిసికొందము.

సెలవులు రాగానే పిల్లవాడు మైన్‌క్రాఫ్టు అను ఆటకు ఇంటి కంప్యూటరులో సర్వరు నొకదానిని నెలకొల్పును. విజయవాడలోని పెదతల్లి కొడుకును, అమెరికాలోని మేనమామ కూతురును అందులోనికి రమ్మని పిలుచును. ఏడాదికొకమారైనను కలిసికొనజాలని పిల్లలు ఒకచోట చేరి ఆడుకొనుట మంచిదే. అయితే ఇంటనున్న చెల్లెలికి సర్వరు దొరకును, బయటివారికి దొరకదు. అప్పుడు వాడు విసిగి కంప్యూటరునకు కాపుగానున్న ఫైర్‌వాలును తీసివేయును. రౌటరులో కంటబడిన ఏర్పాటులన్నియు మార్చివేయును. ఆట కుదరకపోవుట చిన్న నష్టము. బ్యాంకు వ్యవహారములు, కుటుంబపు ఛాయాచిత్రములు గల కంప్యూటరునకు కాపు లేకపోవుట పెద్ద నష్టము. తల్లి ఈ విషయమున జోక్యము కలిగించుకొనవలసినది ఇందుకొరకే.

రౌటరు చేయు పని

సర్వరనగా ఆటలోని లోకమును తనయొద్ద నుంచుకొని, వచ్చినవారి కందరికిని దానిని చూపు ప్రోగ్రాము. మైన్‌క్రాఫ్టు స్వీడను దేశమున పుట్టినది. 2009లో మొదట వెలువడి 2011లో పూర్తిరూపము దాల్చినది. దాని జావా తరగతికి సర్వరు ప్రోగ్రామును చేసినవారే ఉచితముగా నిచ్చుచున్నారు.

ఇంటిలోని ప్రతి కంప్యూటరునకును, ఫోనునకును రౌటరు ఒక లోపలి చిరునామా నిచ్చును. అది తరచుగా 192.168 అను సంఖ్యలతో మొదలగును. ఇట్టి చిరునామాలు లక్షలాది యిండ్లలో నొకేరీతిగా నుండును గావున, అవి బయటివారికి పనికిరావు. వీధివైపున ఇల్లంతటికిని కలిపి వేరొక చిరునామా యుండును. మన యింటనుండి పోయిన యుత్తరమునకు బదులు వచ్చినచో, ఎవరు వ్రాసినదో రౌటరు గుర్తుంచుకొని వారికే యందించును. పిలువకుండ బయటినుండి తనంతట వచ్చిన పిలుపును మాత్రము ఎవరికీయవలయునో తెలియక విడిచివేయును. పెదతల్లి కొడుకు పిలుపునకు పట్టిన గతి యిదియే. ఇది యంత్రములోని లోపము కాదు, ఇంటికది రక్ష.

ఇక ఒక్కొక్క కంప్యూటరునకు 65,535 వరకు సంఖ్యలుగల ద్వారములు కలవు. వీనిని పోర్టులందురు. మైన్‌క్రాఫ్టు జావా తరగతికి వాడుకగా 25565వ పోర్టు, టి.సి.పి. పద్ధతి, ఫోనులలో నాడు బెడ్‌రాక్ తరగతికి 19132వ పోర్టు, యు.డి.పి. పద్ధతి. సంఖ్య సరిపోయి పద్ధతి తప్పినను పిలుపు చేరదు.

నాలుగు గడపలు

లోపము నెదుకునప్పుడు ఇంటిలోపలినుండి వీధివైపునకు వరుసగా రావలయును. ఒక గడప దాటకుండ రెండవదాని జోలికి పోరాదు.

మొదటి గడప సర్వరు నడచు కంప్యూటరే. అందే ఆటను తెరచి, తన్ను తాను సూచించు 127.0.0.1 అను చిరునామాతో చేరి చూడవలెను. ఇచ్చటనే చేరజాలనిచో రౌటరును నిందించి లాభము లేదు. సర్వరు నడచుట లేదనియో, ఆటకును సర్వరునకును కూర్పులు వేరనియో గ్రహింపవలెను.

రెండవ గడప ఇంటిలోని మరియొక కంప్యూటరు. దానినుండి 192.168తో మొదలగు లోపలి చిరునామాకు పిలిచి చూడుడు. అందకున్నచో ఫైర్‌వాలు ఆపుచుండవచ్చును. దానిని పూర్తిగా తీసివేయక, ఆ యొక్క ప్రోగ్రామునకు మాత్రమే అనుమతి నీయవలెను. పిలిచిన కంప్యూటరు అతిథుల కొరకేర్పరచిన వైఫైలో నున్నను ఇట్లే జరుగును. అతిథులను ఇంటి యంత్రములనుండి వేరుగా నుంచుటయే దాని పని. చిరునామా 169.254తో మొదలైనచో, ఆ కంప్యూటరునకు రౌటరునుండి చిరునామాయే రాలేదని తెలియవలెను.

మూడవ గడప రౌటరు. "25565కు వచ్చిన పిలుపును ఫలానా లోపలి చిరునామాకు అందింపుము" అని దానికి ఆజ్ఞ వ్రాయవలెను. దీనిని పోర్టు ఫార్వర్డింగందురు. లోపలి చిరునామా అప్పుడప్పుడు మారుచుండును. నిన్న కుదిరిన ఆట నేడు కుదరకపోవుటకు తరచుగా నిదియే కారణము. కావున ఆ కంప్యూటరునకు ఒక చిరునామాను స్థిరముగా కేటాయింపవలెను. పరీక్షయు బయటినుండియే చేయవలెను. ఏలయన, కొన్ని రౌటరులు ఇంటిలోనివారిని వీధి చిరునామా ద్వారా తిరిగి లోపలికి రానీయవు. మరియొక కంప్యూటరును మొబైలు ఫోను హాట్‌స్పాటునకు తగిలించి చూచిన సరిపోవును.

నాలుగవ గడప ఇంటర్నెట్టు నిచ్చు కంపెనీవారిది. రౌటరులో కనబడు వీధివైపు చిరునామాను, మన చిరునామా యిదియని బయటి లోకము చెప్పుదానిని పోల్చి చూడవలెను. రెండును వేరైనచో కారణము రెంటిలో నొకటి. ఇంటిలోనే ఒకదానివెనుక నొకటిగా రెండు రౌటరులుండవచ్చును. అప్పుడు ఆజ్ఞ రెంటియందును వ్రాయవలెను. లేదా కంపెనీవారే అనేక గృహములకు ఒక్క చిరునామాను పంచియుండవచ్చును. పాత పద్ధతి చిరునామాలు ప్రపంచమున కంతటికిని సుమారు 429 కోట్లు మాత్రమే. ఆసియా ఖండపు పంపిణీ సంస్థ 2011 ఏప్రిల్ నాటికే తన కడపటి భాగమునకు వచ్చినది. అందుచే ఇట్లు పంచుకొనుటకై 2012లో 100.64 మొదలు 100.127 వరకు గల చిరునామాలను ప్రత్యేకించిరి. మీ రౌటరులో వీధివైపున నిట్టిది కనబడినచో, పిల్లవాడెన్ని ఏర్పాటులు మార్చినను ప్రయోజనము లేదు. కంపెనీ నడిగి కొంత సొమ్మిచ్చి ప్రత్యేక చిరునామా పొందుటయో, ఆటవారు అద్దెకిచ్చు రెల్మ్స్ వంటి సర్వరును తీసికొనుటయో మార్గము.

ఆట చూపు సందేశములును దారి చెప్పును. "కనెక్షన్ రెఫ్యూజ్డ్" అని వచ్చినచో పిలుపు ఒక యంత్రము వరకు పోయినది గాని, ఆ ద్వారముకడ పలుకువారు లేరని యర్థము. "కనెక్షన్ టైమ్డ్ అవుట్" అని వచ్చినచో బదులే లేదు. నడుమనెవ్వరో పిలుపును జారవిడిచిరి. మొదటిదానికి సర్వరును, పోర్టు సంఖ్యను చూడవలెను. రెండవదానికి ఫైర్‌వాలును, రౌటరును, కంపెనీని చూడవలెను.

చేరినపిమ్మట ఆట తడబడిన, సర్వరున్న కంప్యూటరునకు వైఫై మాని తీగ తగిలించుట మేలు. అమెరికా పిల్ల విషయమున మాత్రము కొంత యాలస్యము తప్పదు. హైదరాబాదునుండి న్యూయార్కు సుమారు 13,000 కిలోమీటర్లు. గాజుతీగలో వెలుగు సెకనునకు దాదాపు 2,00,000 కిలోమీటర్లు పోవును. తిన్నని దారియే యున్నను పోయి వచ్చుటకు 130 మిల్లీసెకనులు పట్టును. సముద్రపు కేబులుల చుట్టుదారిలో నింకను నెక్కువ. దీనికి రౌటరు మార్చిన లాభము లేదు.

మూయవలసిన గడియలు

2021 డిసెంబరులో లాగ్‌ఫర్‌జే అను భాగమునందలి లోపము బయటపడినది. ఆటలోని సంభాషణలో నొక వాక్యము వ్రాసి, పరుని సర్వరు కంప్యూటరునే వశపరచుకొనవచ్చునని నాడు తెలిసెను. మైన్‌క్రాఫ్టువారు వెంటనే సవరించిన కూర్పు వెలువరించిరి. పాతదానినే నడుపుచుండినవారికి ప్రమాదము తొలగలేదు. ఆట చిన్నపిల్లలదైనను ద్వారము పెద్దలదేయని దీనివలన తేటపడుచున్నది.

కావున సర్వరు నెప్పుడును క్రొత్త కూర్పుతో నుంచుడు. వైట్‌లిస్టు అను పట్టికలో బంధుమిత్రుల పేర్లు వ్రాయించినచో, ఆ పేర్లవారు తప్ప ఇతరులు ప్రవేశింపజాలరు. ప్రవేశించువారి పేరు నిజమైనదగునో కాదో సరిచూచు ఏర్పాటును తీసివేయనీయకుడు. రౌటరులో డి.ఎం.జెడ్. అనునది ఒక కంప్యూటరు పోర్టులన్నిటిని వీధికి తెరచును. దాని జోలికి పోనీయకుడు. రౌటరుతోపాటు వచ్చిన సంకేతపదమును మార్చి, క్రొత్తదానిని మీరే వ్రాసి దాచుకొనుడు. సెలవులు ముగిసి ఆట మానిన దినముననే ఆ 25565వ పోర్టును మూయింపుడు.

ఈ పనికి ఇంజనీరు చదువక్కరలేదు. ఒక సాయంకాలము పిల్లవాని ప్రక్కన కూర్చుండి నాలుగు గడపలను వరుసగా పరీక్షించి, ఎక్కడ ఆగినదో ఒక కాగితముమీద వ్రాయుడు. కంపెనీవారికి ఫోను చేయవలసి వచ్చినను, ఆ కాగితము చేతనున్న గృహిణికి వారు స్పష్టమైన సమాధానము చెప్పక తప్పదు. పిల్లలకు ఆటయు దక్కును; తెరచిన తలుపును మరల మూయవలెనను బుద్ధియు మననుండి వారికి అలవడును.