ఫైళ్ల జాబితాకు పహాణీ పద్ధతి



ఖమ్మమునకును భద్రాచలమునకును నడుమ అడవి యంచున నున్న పల్లెలలో భూమికి సంబంధించిన కాగితమునకు గల విలువ మీరెఱుగనిది కాదు. 2006వ సంవత్సరపు అటవీ హక్కుల చట్టము ననుసరించి, 2005 డిసెంబరు 13వ తేదికి ముందునుండియే భూమి తన యనుభవమున నున్నదని కోయ రైతుగాని, కొండరెడ్డి రైతుగాని చూపవలసియున్నది. గిరిజనేతరుడైనచో, ఆ తేదికి పూర్వము మూడు తరములనుండి, అనగా డెబ్బదియైదేండ్లనుండి, ఆ యడవిని నమ్ముకొని జీవించినట్లు చూపవలెను. రేషను కార్డు, ఇంటి పన్ను రసీదు, వ్రాతలో పెట్టిన పెద్దల వాఙ్మూలము మొదలగునవి దీనికి ఆధారములు. పరిశీలించువారు ఒకటికి మించిన యాధారములను చూడవలెనని నియమములు చెప్పుచున్నవి. కావున ఒక్కొక్క రైతునకు నాలుగైదు కాగితములైనను చేరును. వీనిని ఫోనుతో ఫొటో తీసియో, స్కాను చేసియో కంప్యూటరులో దాచినచో, ఒక్క యూరికే వందల ఫైళ్లు పోగగును. ఆ ఫైళ్ల జాబితాను కంప్యూటరుచేతనే యెట్లు వ్రాయించవలెను, వ్రాయించినదానిని ఏ రూపమున నిలుపవలెను అను విషయమును నేడు మీకు విన్నవించెదను.

కంప్యూటరులో ఫైళ్లనుంచు అరను డైరెక్టరీ యందురు, ఫోల్డరనునదియు అదియే. ఆ యరలో నేమున్నదని యడిగినచో, ప్రతి ఫైలును గూర్చియు ముఖ్యముగా మూడు సంగతులు తెలియును: దాని పేరు, దాని పరిమాణము, అది కడపట మార్పు నొందిన తేది. క్రొత్తగా నేర్చువారికి మొట్టమొదట తోచు నుపాయము మూడు వేఱువేఱు జాబితాలు వ్రాసికొనుట. ఒకదానిలో పేరులు, ఒకదానిలో పరిమాణములు, మఱొకదానిలో తేదులు. మొదటి జాబితాలోని అయిదవ పేరునకు మూడవ జాబితాలోని అయిదవ తేది చెల్లునని వారి నమ్మకము. ఆ నమ్మకము ఎంతసేపు నిలుచును? పేరులను అక్షరక్రమమున కూర్చి, తేదులను కూర్చుట మఱచినచో, ఆ క్షణముననే ఒకరి కాగితపు తేది మఱొకరి పేరున పడును. కంప్యూటరు దీనిని తప్పని చెప్పదు. ఏలనగా ఆ రెండు జాబితాలకును సంబంధమున్నదని దానికెవ్వరును చెప్పియుండలేదు.

మన గ్రామపు లెక్కలు వ్రాసినవారు ఈ చిక్కును ఏనాడో తప్పించుకొనిరి. ఖమ్మము వైపున పహాణీ యనియు, పూర్వము మద్రాసు రాజధానిలో నుండిన భద్రాచలము వైపున అడంగలనియు పిలిచిన లెక్కను తలచుకొనుడు. అందు అడ్డముగా ఒక్కొక్క వరుస ఒక్కొక్క సర్వే నంబరునకు చెందును. నిలువుగా ఒక్కొక్క గడి ఒక్కొక్క సంగతికి చెందును: విస్తీర్ణము, సాగుదారు, పంట. ఒక వరుసను తీసి వేఱొకచోట పెట్టినను, దానిలోని గళ్లన్నియు దానివెంటనే పోవును. సాగుదారు ఒకచోటను, అతని పంట మఱొకచోటను చిక్కుపడుటకు వీలులేదు. కంప్యూటరు శాస్త్రమున దీనికే రెండు కొలతల శ్రేణి యని పేరు. టూ డైమెన్షనల్ అర్రే యని విద్యార్థులు చదువుకొనునది యిదియే. ఒక్కొక్క ఫైలునకు ఒక్కొక్క వరుస, ఒక్కొక్క సంగతికి ఒక్కొక్క గడి. ఫైళ్ల జాబితాకు నేను మేలని చెప్పునది ఈ పద్ధతియే.

దీనిని చేయుటకు పెద్ద యంత్రములతో పనిలేదు. వ్రాసిన యాజ్ఞలను వరుసగా చదివి అప్పటికప్పుడు నెఱవేర్చు భాషలను స్క్రిప్టు భాషలందురు. 1991లో వెలువడిన పైతాన్ అట్టి భాష. అది ఉచితముగా దొరకును. అందు పని ఇట్లు సాగును. మొదట ఖాళీ పట్టిక నొకదానిని తెఱువవలెను. తరువాత స్కాన్‌డిర్ అను సాధనముతో డైరెక్టరీని చూచుచు, ఒక్కొక్క ఫైలు ఎదురైనపుడెల్ల దాని పేరు, పరిమాణము, తేది చేర్చి ఒక క్రొత్త వరుస కట్టవలెను. ఆ వరుసను పట్టిక యడుగున చేర్చవలెను. ఫైళ్లు ముగియువఱకు ఇంతియే. లోపలి డైరెక్టరీలలోనికి గూడ దిగి చూడవలసినచో, వాక్ అను వేఱొక సాధనము గలదు.

ఇచట రెండు సంగతులు గుఱుతుంచుకొనవలెను. పైతాన్ లెక్క సున్నతో మొదలగును. పట్టిక పేరు ప్రక్కన 3, 2 అని సూచించినచో, అది నాలుగవ వరుసలోని మూడవ గడి, అనగా నాలుగవ ఫైలు తేది. రెండవది అంతకంటె మెలకువ కోరునది. ఖాళీ వరుసలను ముందే సిద్ధపఱుపదలచి, ఒక వరుసను గుణకారపు గుఱుతుతో నూఱింతలు చేసినచో, నూఱు వరుసలు పుట్టవు. ఒకే వరుస నూఱుచోట్ల కనబడుచుండును. ఒకచోట వ్రాసినది అన్నిచోట్లను మాఱును. కడపట వ్రాసిన రైతు వివరములే ఊరంతటికిని నిలుచును. అందువలననే ప్రతి ఫైలునకును వరుసను అప్పుడే క్రొత్తగా కట్టవలెనని చెప్పితిని.

డైరెక్టరీనుండి ఫైళ్లు వచ్చు క్రమము నిశ్చయమైనది కాదు. కావున పట్టిక నిండిన పిదప మనమే క్రమపఱుపవలెను. పైతాన్‌నందు ఏ గడినిబట్టి యైనను వరుసలను కూర్చవచ్చును. ఒకమాఱు తేదినిబట్టియు, పిదప ఊరి పేరునుబట్టియు కూర్చినచో, ఒక్కొక్క యూరిలోని కాగితములు తేదుల వరుసలోనే నిలిచియుండును. అయితే అంకెలను అంకెలుగానే యుంచవలెను. వానిని అక్షరములుగా వ్రాసినచో 10 అనునది 9కి ముందు వచ్చును. ఏలనగా కంప్యూటరు అక్షరములను మొదటినుండి ఒక్కొక్కటిగా పోల్చి, తేడా కనబడిన తొలి యక్షరముతోనే తీర్పు చెప్పును. తేదులకును ఇదే నీతి. దినము ముందు వ్రాసిన తేదులు వరుస తప్పును. 2005-12-13 అని సంవత్సరము, నెల, దినము క్రమమున వ్రాసినవి తప్పవు.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన మాట. కంప్యూటరు చెప్పు తేది ఫైలు తేదియే గాని కాగితము తేది కాదు. 1998లో వచ్చిన ఇంటి పన్ను రసీదును నేడు స్కాను చేసినచో, ఆ గడిలో నేటి తేది పడును. ఫోనునుండి ఫోనునకు పంపినచో, అందుకొన్న నాటి తేది పడవచ్చును. ఆ గడిని నమ్మి 2005 డిసెంబరు 13కు తరువాతివని కాగితములను త్రోసివేసినచో, న్యాయమైన హక్కులు మొదటనే జాఱిపోవును. అందుచేత పట్టికకు నాలుగవ గడి నొకదానిని చేర్చి, కాగితముపై నున్న తేదిని మనిషి కన్నులతో చదివి వ్రాయవలెను. తేది చదువరానిచో గడిని ఖాళీగా విడువవలెనే గాని ఊహించి నింపరాదు.

ఊరు, జిల్లా యను గడులు గూడ అవసరము. ఈ ప్రాంతమున జిల్లా పేరు కాలమునుబట్టి మాఱినది. శబరి గోదావరిలో కలియు కూనవరమును చూడుడు. 1959లో భద్రాచలము తాలూకాతో పాటు తూర్పుగోదావరినుండి ఖమ్మము జిల్లాలో చేరెను. 2014లో మరల తూర్పుగోదావరికి పోయెను. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరెను. భద్రాచలము పట్టణము మాత్రము తెలంగాణమున నిలిచి, 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరెను. కావున కూనవరపు రైతు యింటిలో ఒక కాగితముపై ఖమ్మమనియు, మఱొకదానిపై తూర్పుగోదావరి యనియు ఉండుట దోషము కాదు. అవి వేఱువేఱు కాలములనాటివని మాత్రమే అర్థము. కాగితముపై నున్న జిల్లాను ఒక గడిలో ఉన్నదున్నట్లు వ్రాసి, ఊరి పేరును వేఱొక గడిలో ఒకే తీరున వ్రాసినచో, ఆ కాగితములన్నియు ఒకచోటికి చేరును. ఫైళ్లను జిల్లా పేరిటి డైరెక్టరీలలో దాచినచో, ఒకే రైతు ఆధారములు మూడు చోట్ల చెల్లాచెదరగును.

పట్టిక కంప్యూటరు జ్ఞాపకములో నున్నంతవఱకే యుండును. కార్యక్రమము ముగిసినచో అదియు మాయమగును. కావున దానిని సీఎస్‌వీ యను సాదా రూపమున ఫైలుగా వ్రాయించవలెను. తెలుగు అక్షరములు చెడకుండ యూటీఎఫ్-8 పద్ధతిని నిర్దేశించవలెను. ఎక్సెల్‌లో తెఱచువారికై యూటీఎఫ్-8-సిగ్ అను భేదమును వాడినచో అక్షరములు సరిగా కనబడును. తరువాత ఒక ప్రతిని అచ్చు తీయించవలెను.

ఈ యచ్చు ప్రతి ఎవరికొఱకు? హక్కుల విచారణ మొదలగునది గ్రామసభలో. డివిజను, జిల్లా సంఘములు తరువాతివి. కంప్యూటరు ఎఱుగని ముసలివారు గూడ ఆ సభలో కూర్చుందురు. వారికి డైరెక్టరీ యననేమో తెలియకపోవచ్చును గాని పహాణీ తెలియును. వరుసవెంట వరుస చదివి వినిపించినచో, “ఆ రసీదు మాది కాదు, మా యన్నది” అని చెప్పగలవారు వారే. వరుస చెదరక నిలిచిన పట్టికయందే అట్టి దిద్దుబాటు సాధ్యము. చదువుకొన్న యువకులు తమ యూరి కాగితములకు ఇట్టి పట్టిక నొకదానిని కట్టి, సభలో చదివి వినిపింతురుగాక యని కోరుచున్నాను.