నడిమి తరగతుల బడిని తూచుట యెట్లు?

నేడు మన పల్లెలలో రచ్చకట్టవద్ద తరచుగా వినబడు మాట యొకటి కలదు: "సర్కారు బడిలో చదువు లేదు, పట్టణపు బడియే మేలు." ఈ మాట నిజమా కాదా యని తేల్చుటకు ముందు, మనము పట్టిన తక్కెడ సరియైనదా యని చూడవలయును. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములలోని ఆరు, ఏడు, ఎనిమిది తరగతులను గూర్చి కొంత విన్నవించెదను.

నైజాము కాలమున క్రింది బడిని తహతానియా యనియు, నడిమిదానిని వస్తానియా యనియు, పైదానిని ఫౌఖానియా యనియు పిలిచెడివారు. నడిమి తరగతులు ఏటినడుమ లోతువంటివి. క్రింది తరగతులలో బిడ్డ చదువుట నేర్చును. ఇచ్చట చదివి నేర్చుకొనవలసి వచ్చును. కూడికలు, తీసివేతలు దాటి భిన్నములు, బీజగణితము ఎదురగును. ఐదవ తరగతివరకు దాగియున్న లోటు ఇచ్చట బయటపడును. 2021 సంవత్సరపు జాతీయ సాధన సర్వేలో, గణితమున దేశపు సగటు మూడవ తరగతిలో నూటికి 57, ఐదవ తరగతిలో 44, ఎనిమిదవ తరగతిలో 36, పదవ తరగతిలో 32గా తేలినది. కావున తరగతి పెరిగినకొలది లెక్కలు జారుట మన యూరికే పట్టిన జాడ్యము కాదు, దేశమంతటను ఉన్నదే.

ఇక బల్లలపై కూర్చున్న బిడ్డలెవరో చూతము. 2016 అక్టోబరు 11వ తేదీన నిజామాబాదునుండి విడివడి ఏర్పడిన కామారెడ్డి జిల్లాలో, 2011 జనాభా లెక్కల ప్రకారము అక్షరాస్యులు నూటికి సుమారు 56 మంది. తెలంగాణమంతటికి ఆ సంఖ్య 66. వేయిమంది పురుషులకు స్త్రీలు 1033 మంది. బ్రతుకుతెరువుకై మగవారు గల్ఫు దేశములకు పోవుట మనమెరిగినదే. తండ్రి దూరదేశమున నుండును. తల్లి బీడీలు చుట్టును. ఇంటియొద్ద పాఠము విని దిద్దువారెవరు? గాంధారి, లింగంపేట, ఎల్లారెడ్డి వైపున తండాలు పెక్కు. అచ్చటి బిడ్డల ఇంటిభాష లంబాడీ. మద్నూరు, జుక్కల్ వైపున మరాఠీ, కన్నడము వినబడును. నాడు ఉర్దూలో పాఠము విని మన తాతలు తబ్బిబ్బు పడిరి. 2022-23నుండి సర్కారు బడులలో ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశించినది. ఇంగ్లీషు వలదని నేననను. ఇంటిమాటకు, బడిమాటకు నడుమ వంతెన కావలెనని మాత్రమే చెప్పుచున్నాను.

నేను కొలువులో నుండగా తండానుండి వచ్చిన బాలుడొకడు లెక్కల వేళ నోరు మెదపకుండెడివాడు. మందబుద్ధి యని నిర్ణయించితిని. ఒక సంతనాడు వాడు తల్లిప్రక్కన కూర్చుండి కూరగాయలమ్ముచు, నేనిచ్చిన నోటుకు చిల్లరను రెప్పపాటులో లెక్కించి నా చేతిలో పెట్టెను. వానికి రానిది లెక్క కాదు. నా ప్రశ్నలోని భాష. నాటి తప్పు నాది, వానిది కాదు.

అన్నము ఉడికినదో లేదో యొక్క మెతుకు పట్టి చూచుట స్థాలీపులాకన్యాయము. బియ్యమంతయు నొక్కమారే కుండలో పోసినపుడే ఆ న్యాయము చెల్లును. బడి యట్టి కుండ కాదు. 1971లో సర్వేలులో మొదలైన గురుకుల విద్య నేడు రాష్ట్రమంతట వ్యాపించి, ప్రవేశపరీక్ష పెట్టి, ఐదవ తరగతిలోనే బిడ్డలను చేర్చుకొనుచున్నది. పేదబిడ్డలకు అది గొప్ప మేలు. రుసుము కట్టగలవారు బిడ్డలను కామారెడ్డి పట్టణపు బడులకు పంపుచున్నారు. ఏరగా మిగిలినవారితో ఊరిబడి నడచుచున్నది. ఏరి తెచ్చుకొన్న బడి మార్కులను, ఎవరు వచ్చినను కాదనని బడి మార్కులతో పోల్చి, ఇది మేలు, అది కీడు అనుట ధర్మమా?

ఈ మాట వలన కలుగు నష్టము చిన్నది కాదు. 2009 విద్యాహక్కు చట్టము ప్రకారము ఆరునుండి ఎనిమిదివరకు ముప్పదియైదుగురు బిడ్డలకొక ఉపాధ్యాయుడుండవలెను. బిడ్డలు తగ్గినచో ఉపాధ్యాయుల సంఖ్యయు తగ్గును. లెక్కల పంతులు మరియొక యూరికి పోయినపుడు చెడునది, పోవుటకు దారిలేక ఆ బడిలోనే మిగిలిన కూలివాని బిడ్డ చదువే. అపవాదు మొదట పుట్టును, తరువాత నిజమగును.

అటులని బడిలోని దోషమును కప్పిపుచ్చవలదు. సరియైన తక్కెడతో తూచి, గట్టిగా అడుగవలయును. దానికి మూడు పనులు చాలును. జూన్‌లో ఆరవ తరగతి బిడ్డచేత ఒక పుట చదివించి, ఒక భాగహారము చేయించి చూడుడు. మార్చిలో మరల చూడుడు. ఎక్కడనుండి ఎక్కడికి వచ్చెనో, అదియే బడి చేసిన పని. రెండవది, నాట్లకును కోతలకును ఎందరు బడి మానుచున్నారో హాజరుపట్టీ అడుగుడు. అది మన యింటి దోషము, పంతులుది కాదు. మూడవది, ఎనిమిది ముగిసిన ఆడపిల్ల తొమ్మిదిలో చేరినదా యని విచారింపుడు. చట్టము హామీ యిచ్చునది పదునాలుగేండ్ల వయసువరకే. ఆపై బాధ్యత మనది. పాఠశాల యాజమాన్య సంఘములో మూడువంతులు తలిదండ్రులే యుండవలెననియు, సంఘములో సగము స్త్రీలు కావలెననియు ఆ చట్టమే చెప్పినది. ఆ కుర్చీ ఖాళీగా నుంచి రచ్చకట్టవద్ద నిందించుట తగదు.

రేపు మీ యూరి బడిముందు నడచునపుడు ఒక్క గడియ లోనికి పోయి, వెనుక బల్లపై మౌనముగా నున్న బిడ్డను పలుకరింపుడు. వానికేమి వచ్చునో వాని నోటనే వినుడు. పిమ్మట బడిని గూర్చి తీర్పు చెప్పుడు.