బటన్ ఒక్కటే... ప్రాణాలు మూడే!

ఆదోని భీమాస్ సర్కిల్‌లో టీ తాగుతూ అన్న దెప్పిపొడుస్తాడు: "ఇవీ ఒక గేములేనా? వేలు ఆడిస్తే గెలుపే! మా కాలంలో కాంట్రా ఆడుంటే తెలిసేది." ఎమ్మిగనూరు నుంచి వచ్చిన తమ్ముడు ఫోన్లోంచి తలెత్తకుండా "ఊ" అంటాడు. ఎక్కువమందిని లాగాలని వీడియో గేములను నిజంగానే తేలిక చేసేస్తున్నారా? తీర్పు చివర్లో చెబుతాం. ముందు నోరెళ్లబెట్టడానికి సిద్ధం కండి!

అసలు మొదలే తేలిక!

మీకు తెలుసా? డబ్బులేసి ఆడేలా ఫ్యాక్టరీలో తయారై అమ్మకానికొచ్చిన తొలి వీడియో గేము 'కంప్యూటర్ స్పేస్'. వచ్చింది 1971లో. నాలుగు బటన్లు, చాంతాడంత సూచనలు. జనానికి బుర్ర తిరిగింది. మరుసటి ఏడాది అదే జట్టు 'పాంగ్' తెచ్చింది. అందులో అసలు సూచన ఒక్కటే: స్కోరు కావాలంటే బంతి వదలొద్దు! అంటే గేములను తేలిక చేయడం మొదలై 50 ఏళ్లు దాటింది. అప్పటికి అన్న పుట్టనేలేదు!

మీకు తెలుసా? ఆ పాంగ్ మిషన్‌ను తొలిసారి పెట్టిన కాలిఫోర్నియా బారు నుంచి కొద్దిరోజులకే ఫోనొచ్చింది: "మీ మిషన్ పాడైంది!" ఇంజనీరు పరుగున వెళ్లి తెరిచి చూశాడు. లోపల చిల్లర నిండిపోయి, కొత్త నాణెం పట్టే చోటే లేదు. ఇలాంటి రిపేరు ఎవరికి చేదు?

మీకు తెలుసా? వీడియో గేముకు ముత్తాత మగ్గమే! 1804లో ఫ్రాన్స్‌లో జకార్డ్ అనే ఆయన చిల్లులు కొట్టిన అట్టలతో క్లిష్టమైన డిజైన్లను నేయడం సులువు చేశాడు. ఆ అట్టల ఉపాయాన్నే చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రం నమూనాకు తీసుకున్నాడు. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరు ఇక కాలరెగరేయొచ్చు. కంప్యూటర్ మనకు దూరపు చుట్టమే!

ఈజీ కావాలా? అయితే పరువు పక్కన పెట్టండి!

మీకు తెలుసా? 1992 నాటి 'వుల్ఫెన్‌స్టైన్ 3డి'లో అన్నిటికంటే తేలికైన స్థాయికి పెట్టిన పేరు 'నాన్నా, నేనూ ఆడనా?' అది ఎంచుకుంటే కండలు తిరిగిన హీరో నెత్తిన పసిపిల్లల టోపీ, నోట్లో పాలపీక ప్రత్యక్షం. తుపాకీ మాత్రం అలాగే ఉంటుంది లెండి!

మీకు తెలుసా? 2005లో వచ్చిన 'నింజా గైడెన్ బ్లాక్'లో అదేపనిగా ఓడిపోతుంటే ఆటే జాలిపడి తేలిక దారి చూపిస్తుంది. ఆ దారి పేరు 'నింజా కుక్క'! పైగా చేతికో రిబ్బను కడుతుంది. సాయమా, శాపమా?

ఇంకోటి వినండి. 2015 నాటి 'మెటల్ గేర్ సాలిడ్ 5' మాటిమాటికీ చచ్చేవాళ్లకు కోడి టోపీ ఇస్తుంది. పెట్టుకుంటే శత్రువులు కాస్త చూసీచూడనట్టు పోతారు. ప్రాణం దక్కుతుంది, మీసం మాత్రం దిగుతుంది!

మీకు తెలుసా? 2009లో నింటెండో వీ యంత్రానికి వచ్చిన కొత్త మారియోలో ఒకే చోట 8 సార్లు చస్తే ఓ పచ్చ డబ్బా ప్రత్యక్షమవుతుంది. దాన్ని కొడితే తమ్ముడు లుయీజీ వచ్చి ఆ మజిలీ మొత్తం ఆడి చూపిస్తాడు. మనం కాళ్లు చాపుకుని చూడొచ్చు. హోంవర్కుకు కూడా ఇలాంటి డబ్బా ఉంటే ఎంత బాగుండు!

మీకు తెలుసా? కొన్ని గేములు మీకు చెప్పకుండానే జాలి చూపిస్తాయి! 2005 నాటి 'రెసిడెంట్ ఈవిల్ 4' మీరు తడబడితే లోలోపల కష్టం తగ్గిస్తుంది, రెచ్చిపోతే పెంచుతుంది. "నా తెలివితో గెలిచా" అని చెప్పుకునే ముందు ఒకసారి ఆలోచించండి!

మీకు తెలుసా? 1986లో జపాన్‌లో వచ్చిన రెండో మారియో మరీ కష్టమని అమెరికాకు పంపలేదు! బదులుగా వేరే గేములోని పాత్రల మొహాలు మార్చి, 1988లో అదే 'మారియో 2' అని అమ్మారు. అసలు సరుకు అమెరికా చేరేసరికి 1993. మధ్యలో ఐదేళ్లు పిల్లలు ఆడింది మారువేషం మారియో!

తిరకాసు ఏమిటంటే, రివర్సు గేరు కూడా ఉంది. 1994 నాటి 'కాంట్రా: హార్డ్ కోర్' జపాన్‌లో మూడు దెబ్బలు తింటే గానీ ప్రాణం పోదు. అమెరికాలో ఒక్క దెబ్బకే హరీ! సముద్రం దాటగానే గుండె మూడో వంతుకు తగ్గిందా?

అన్నా, ఇది నీకే! 30 ప్రాణాలిచ్చే రహస్యం తెలుసా? పైకి పైకి, కిందకి కిందకి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఎ. దీన్ని కనిపెట్టిన జపాన్ ప్రోగ్రామర్ కజుహిసా హషిమోటో. 1986లో 'గ్రాడియస్' గేమును పరీక్షిద్దామంటే ఆయనకే గెలవడం చేతకాలేదట. అందుకే ఈ దొడ్డిదారి! తర్వాత ఇదే కాంట్రాలో 30 ప్రాణాలైంది. "మా కాలంలో కష్టం" అన్నావ్ కదన్నా... ఎన్ని ప్రాణాలతో ఆడావో చెప్పు!

మన గవ్వలు, మన పాములు

మీకు తెలుసా? లూడో మన పచ్చీసుకు చిన్నచెల్లెలు! పచ్చీస్ అంటే 25. గవ్వలు విసిరి ఆడేవాళ్లం. 1896లో ఇంగ్లండ్‌లో గవ్వలు తీసేసి, ఒక్క పాచిక పెట్టి, 'లూడో' అని పేటెంట్ పట్టేశారు. లాటిన్‌లో ఆ మాటకు అర్థం 'ఆడుతున్నాను'. మన ఆట మనకే తిరిగి అమ్మారు, మనమూ కొన్నాం!

మీకు తెలుసా? ఆ లూడోనే 2016లో 'లూడో కింగ్' అయి ఫోన్లోకి దూరింది. 10 కోట్ల డౌన్‌లోడ్లు దాటిన తొలి భారతీయ గేము ఇదే. తర్వాత 50 కోట్లూ దాటేసింది. ఆదోని పత్తి యార్డులో వంతు వచ్చేలోపు ఒక ఆట ముగించొచ్చు. చింతపిక్కలు అరగదీసే పని కూడా తప్పింది!

మీకు తెలుసా? మన పాత వైకుంఠపాళి పటంలో 132 గళ్లు. నిచ్చెనలు తక్కువ, పాములు ఎక్కువ. 1890ల్లో ఇంగ్లండ్ చేరాక గళ్లు 100కు దిగాయి, పాములూ నిచ్చెనలూ సమానమయ్యాయి. వైకుంఠం 32 గళ్లు దగ్గరైంది! పాపం చేసినవాళ్లకు ఇంతకంటే మంచి వార్త ఉంటుందా?

అక్కడితో ఆగారా? 1943లో అమెరికా కంపెనీ పాములనే తీసేసింది! వాటి స్థానంలో పార్కుల్లో ఉండే జారుడుబల్లలు పెట్టింది. మింగడం లేదు, కరవడం లేదు, జారడమే. పాము లేని వైకుంఠపాళి అంటే కారం లేని ఉగ్గాని బజ్జీ!

మీకు తెలుసా? చదరంగంలో మంత్రి ఒకప్పుడు ఐమూలగా ఒక్క గడే నడిచేవాడు. 15వ శతాబ్దం చివర్లో యూరప్ వాళ్లు ఆట చురుగ్గా సాగాలని అతన్ని రాణిగా మార్చి, ఎటైనా ఎంతైనా పొమ్మన్నారు. చరిత్రలో ఇంత పెద్ద ప్రమోషన్ ఏ ఉద్యోగికీ వచ్చి ఉండదు!

క్రికెట్ మాత్రం తక్కువ తిందా? ఐదు రోజుల టెస్టు 1971లో ఒక్క రోజుకు దిగింది, 2003లో 20 ఓవర్లకు. 2021లో ఇంగ్లండ్ వాళ్లు ఏకంగా 100 బంతులకే కుదించారు. ఇలాగే పోతే టాస్ వేసి ఇంటికి పోవచ్చు!

అరచేతిలో ఆట

మీకు తెలుసా? ఫోన్‌లో పాము తొలిసారి పాకింది 1997లో, నోకియా 6110లో. ఆ పాము తమ్ముడే 2003 నాటి నోకియా 1100లోకి వచ్చాడు. ఆ ఫోన్లు 25 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి! రాత్రిపూట మోటారు వేయడానికి టార్చితో పొలానికి పోయే రైతు చేతిలోనూ ఓ పాము. అదృష్టం, కరవదు!

మీకు తెలుసా? 2012లో వచ్చిన 'సబ్‌వే సర్ఫర్స్' 2018 నాటికి ప్లే స్టోర్‌లో 100 కోట్ల డౌన్‌లోడ్లు దాటింది. 2011 లెక్కల ప్రకారం ఆదోని జనాభా లక్షా 66 వేలు. అంటే ఆరు వేల ఆదోనులు! బటన్లే లేవు, వేలితో గీస్తే చాలు. ఎమ్మిగనూరుకు రైలు రాలేదు గానీ, అక్కడి పిల్లలు రోజూ రైళ్ల మీదే పరుగెడుతున్నారు!

మీకు తెలుసా? పబ్జీ మొదటి మైదానం 8 కిలోమీటర్ల పొడవు, 8 కిలోమీటర్ల వెడల్పు. అందులో 100 మంది. చిన్న ఫోన్ల కోసం వచ్చిన లైట్ రకంలో 60 మందే. ఫ్రీ ఫైర్‌లో 50 మంది, పది నిమిషాల్లో ఖేల్ ఖతం. ఆదోనిలో బస్సెక్కితే ఎమ్మిగనూరు చేరేలోపు మూడుసార్లు చచ్చి బతకొచ్చు!

ఇంకో గుట్టు! పబ్జీ మొబైల్‌లో కొత్తవాళ్లు నిరుత్సాహపడకూడదని మనుషుల మధ్య బాట్లను, అంటే కంప్యూటర్ బొమ్మలను కలుపుతారు. గెలిచి, సోమప్ప సర్కిల్‌లో "చికెన్ డిన్నర్!" అని గంతులేసే వీరులారా, మీరు పడగొట్టిన వాళ్లలో ఊపిరి ఉన్నవాళ్లెందరో?

మీకు తెలుసా? 'క్యాండీ క్రష్' మెట్లు 15 వేలు దాటాయి! రోజుకు ఒక్కటి చొప్పున ఎక్కినా 41 ఏళ్లు. అంతకంటే ఆదోని కోట ఎక్కడమే సులువు. అక్కడ కనీసం గాలైనా వస్తుంది!

ఆగండాగండి... కథ అడ్డం తిరిగింది!

మీకు తెలుసా? 1977 నాటి అటారీ యంత్రానికి ఒక కర్ర, ఒక బటన్. అంతే! ఇప్పటి ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ కంట్రోలర్లకు రెండు కర్రలు, డజను దాటిన బటన్లు. ఇక తేలికపడిందెక్కడ? వేళ్లు పదే ఉన్నాయని కంపెనీలకు ఎవరైనా చెప్పండి!

మీకు తెలుసా? వియత్నాం కుర్రాడు ఒక్కడే చేసిన 'ఫ్లాపీ బర్డ్'కు నియమం ఒక్కటే: తెర మీద తట్టి పిట్టను గొట్టాల మధ్య ఎగరేయడం. రెండో గొట్టం దాటేలోపు పిట్ట నేలపాలు! రోజుకు 50 వేల డాలర్లు తెస్తోందని వార్తలొచ్చిన గేమును 2014 ఫిబ్రవరిలో ఆయనే తీసేశాడు. కోళ్లఫారం వాళ్లు కూడా ఇన్ని పిట్టల చావు చూసి ఉండరు!

మీకు తెలుసా? 1989 నాటి నింటెండో టెట్రిస్‌లో 29వ స్థాయి దాటడం మనిషి వల్ల కాదని ఏళ్ల తరబడి అనుకున్నారు. 2023 డిసెంబరులో అమెరికాలో 13 ఏళ్ల పిల్లాడు 157వ స్థాయికి వెళ్లాడు. అక్కడ అలసిపోయింది పిల్లాడు కాదు, గేము! బిగుసుకుపోయి ఆగిపోయింది.

మీకు తెలుసా? 2022లో వచ్చిన 'ఎల్డెన్ రింగ్'లో తేలిక స్థాయి అన్నదే లేదు. చచ్చి చచ్చి ఆడాలి. అయినా మూడు వారాల్లోపే కోటీ 20 లక్షల కాపీలు అమ్ముడయ్యాయి! డబ్బిచ్చి తన్నులు తినేవాళ్లు ఇంతమంది ఉంటారని ఎవరనుకున్నారు?

దానికి మించింది ఇది. ఆ గేములో అందరినీ ఏడిపించిన రాక్షసి మలేనియా. ఒక ఆటగాడు తన బొమ్మకు కవచం లేకుండా, గోచీ కట్టి, తలకు కుండ బోర్లించి, ఆమెను వెయ్యి సార్లకు పైగా ఓడించాడు! అదీ పరాయివాళ్లకు సాయం చేయడానికి. కంపెనీ మెచ్చి నిజం కత్తి బహుమతిగా పంపింది. నిజం గోచీ ఇచ్చారో లేదో మాత్రం అడక్కండి!

మీకు తెలుసా? 2020 నాటి 'ద లాస్ట్ ఆఫ్ అస్ 2'లో చూపు, వినికిడి, చేతుల ఇబ్బందులున్న వాళ్ల కోసం 60కి పైగా సర్దుబాట్లు పెట్టారు. చూపు లేనివాళ్లు సైతం చప్పుళ్లను బట్టి ఆడి గెలిచారు! "తేలిక చేసేశారు" అని గొణిగేవాళ్లు ఒకసారి కళ్లకు గంతలు కట్టుకుని ప్రయత్నించండి!

ఇక తీర్పు!

తేలిక చేశారా? చేశారు, 1972 నుంచీ! కానీ తేలికైంది మొదటి అడుగే. కోటకు మెట్లు వేశారు గానీ కొండ ఎత్తు తగ్గించలేదు. కాబట్టి అన్న చెప్పింది సగం నిజం. తమ్ముడి "ఊ" మిగతా సగం!

చివరి ప్రశ్న. తేలిక స్థాయి ఏనాడూ అడగని మన ఆట తెలుసా? పులి-మేక! మూడు పులులు, 15 మేకలు, 23 కూడళ్లు. హంపీ బండల మీద చెక్కిన ఆట గీతలు ఇప్పటికీ ఉన్నాయి. ఛార్జింగ్ అక్కర్లేదు, అప్‌డేట్ రాదు. ఈ సాయంత్రం సుద్దముక్కతో గచ్చు మీద గీసి, పులులు మీరు తీసుకోండి, మేకలు అవ్వకివ్వండి. ఒక్కమాట ముందే చెబుతున్నాం: అవ్వ దగ్గర 30 ప్రాణాల కిటుకు పనిచేయదు!