తెరచాప దిగిన రేవుల్లో

‘గాలివాటం మనిషి’ అంటాం. పరీక్ష గట్టెక్కానంటాం. నట్టేట ముంచాడని ఒకణ్ణి తిడతాం, రెండు పడవల మీద కాళ్ళు పెట్టవద్దని ఇంకొకరికి చెబుతాం. ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్ళు ప్రతి బంధువర్గంలోనూ ఒకరిద్దరుంటారు. ఓడలు బళ్ళవుతాయనీ, బళ్ళు ఓడలవుతాయనీ ముసలమ్మలు నిట్టూరుస్తూనే ఉంటారు. మూడు తరాల క్రితం మైసూరులోనో షోలాపూరులోనో స్థిరపడిన తెలుగింటి పిల్లవాడు, నది ముఖం చూడనివాడు సైతం, ఈ మాటలే మాట్లాడతాడు. పడవ మన వాడుకలోంచి వెళ్ళిపోయినా నాలుక మీద మిగిలిపోయింది.

అందులోనూ ‘గాలివాటం’ అన్నది అచ్చంగా తెరచాప పడవ మాట. ఈనాడు దాన్ని నిలకడలేని మనిషికి వాడుతున్నాం గాని, పడవవాడికి అది నిందాపదం కాదు. గాలి వాటం తెలిసినవాడే ఇల్లు చేరేవాడు.

నీటి ఒడ్డున ఉన్న ఊళ్ళంటే మనకెందుకో మనసు లాగుతుంది. సెలవులు రాగానే పూరీ అంటాం, గోపాలపురం అంటాం, భీమునిపట్నం అంటాం. ఒడ్డున బెంచీలు, దీపస్తంభాలు, వేరుశనక్కాయల బండ్లు ఉంటే ఆ ఊరు అందంగా ఉందంటాం. నన్నడిగితే ఆ అందానికి అసలు కారణం మరొకటి. ఊరు నీటితో పని పెట్టుకున్నది కాబట్టి వీధులన్నీ నీటి వైపు నడిచాయి. పడవ ఆగే చోట రేవు, రేవు పక్కన గిడ్డంగి, దాని వెనుక సంత, ఆ వెనుక గుడి, ఇళ్ళు. చిన్న పడవ కొలతకు సరిపడేలా పెరిగిన ఊళ్ళవి. అందుకే వాటిలో నడుస్తుంటే కాళ్ళు వాటంతటవే ఏటి గట్టుకు చేరతాయి.

యానాం చూడండి. మొత్తం కలిపి 30 చదరపు కిలోమీటర్లు. గౌతమీ గోదావరి నుంచి కోరంగి పాయ విడివడే చోట ఉన్న ఊరు. ఫ్రెంచివాళ్ళు 1723లో ఇక్కడ కోఠీ పెట్టుకున్నది ఏటి అందం చూసి కాదు. పైనుంచి నేత బట్ట పడవల్లో దిగివస్తుంది, కిందికి పోతే సముద్రం. ఆ రెంటికీ మధ్య కూర్చున్నవాడికే లాభం. 1954లో ఫ్రెంచి పాలన పోయింది, 1962లో కాగితాల మీద కూడా విలీనం పూర్తయింది. ఈనాడది పుదుచ్చేరి ప్రభుత్వంలో ఉంది. మీసాల వెంకన్న గుడి, కేథలిక్ చర్చి, ఏటి గట్టు మీద కొత్తగా వెలసిన విగ్రహాలు అన్నీ ఒక్క సాయంత్రంలో చుట్టిరావచ్చు. వరదనీరు ఎరుపెక్కగానే పుస్తెలమ్మైనా తినాలన్న పులస కోసం కార్లలో వచ్చేవాళ్ళున్నారు. 2002లో ఎదుర్లంక వంతెన తెరిచేదాకా అవతలి కోనసీమ గట్టుకు పోవాలంటే నీటి మీదే పోవాలి. వంతెన వచ్చింది, మంచిదే; ఆసుపత్రికి పరుగెత్తే మనిషికి ఆ వంతెన విలువ తెలుస్తుంది. రేవు మాత్రం చిన్నబోయింది.

యానాం పక్కనే కోరంగి. ఈనాడు మడ అడవికీ, 1978లో ఏర్పడిన అభయారణ్యానికీ పేరున్న పల్లె. ఒకప్పుడది ఓడలు కట్టే ఊరు. పంతొమ్మిదో శతాబ్దం ఆరంభంలో ఇక్కడ ఓడలు మరమ్మతు చేసే డాక్ ఉండేది. ఇక్కడా తాళ్ళరేవులోనూ వడ్రంగులు ఓడకట్టి దోనెలు కట్టేవారు. తెరచాప తప్ప మరో శక్తి ఎరుగని ఆ దోనెలు కలకత్తాకు, రంగూనుకు, సింహళానికి సరుకు మోసేవి. రంగూనులో తెలుగు కూలీని ‘కొరంగీ’ అని పిలిచేవారంటే ఈ చిన్న ఊరి పేరు ఎంత దూరం ప్రయాణం చేసిందో తెలుస్తుంది. తరువాతి రోజుల్లో మనవాళ్ళు బర్మా పోయింది పొగ ఓడల్లోనే అయినా, పేరు మాత్రం తెరచాపల రేవుదే నిలిచింది.

ఆ రేవును తీసింది సముద్రమే. 1789 డిసెంబరు తుపానులో మూడు పెద్ద అలలు ఒకదాని వెంట ఒకటి వచ్చి ఊరిని ముంచాయి. 1839 నవంబరులో మరో ఉప్పెన వచ్చింది. అందులో మూడు లక్షలమంది పోయారనీ, ఇరవై వేల పడవలు పోయాయనీ చాలా పుస్తకాలు రాస్తాయి. ఆ కాలపు జనాభా లెక్కలు చూస్తే అంత సంఖ్య నమ్మడం కష్టమే గాని, ఊరు మళ్ళీ లేవలేదన్నది నిజం. పైగా గోదావరి ఒండ్రు పాయను పూడ్చుకుంటూ వచ్చింది. వ్యాపారం కాకినాడకు తరలింది. కలకత్తాలో ఉండే హెన్రీ పిడ్డింగ్టన్ అనే ఆయన ఇటువంటి తుపానుల వివరాలన్నీ పోగు చేసి, 1840ల్లో వాటికి ‘సైక్లోన్’ అని పేరు పెట్టాడు. ఆయన పరిశీలించిన వాటిలో కోరంగి ఉప్పెనా ఒకటి. ఆ పేరుగల తుపానే 1996 నవంబరు 6న మళ్ళీ ఈ యానాం, కోనసీమల మీదికే వచ్చి వెయ్యిమందికి పైగా పొట్టన పెట్టుకుంది. నీటి ఒడ్డు ఆకర్షణ గురించి రాసేవాళ్ళు ఈ సంగతి దాచకూడదు.

ఇంత ప్రమాదం పక్కన పెట్టుకుని ఒక కొయ్య, ఒక గుడ్డతో మనుషులు ఎలా తిరిగారన్నది ఆలోచిస్తే ఆశ్చర్యం వేస్తుంది. దానికి ఆధారం గాలికున్న క్రమం. రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది, నీరు చల్లబడదు. అందుకే తెల్లవారుజామున గాలి నేల మీద నుంచి సముద్రం మీదికి వీస్తుంది. తెప్పలవాళ్ళు ఆ గాలిలో బయలుదేరేవారు. పగలు నేల వేడెక్కి గాలి వెనక్కి తిరుగుతుంది. దానితో వలలోని చేపతో ఇంటికి. ఏడాదిలోనూ ఇదే తీరు. వేసవి నుంచి వానాకాలం దాకా మన తీరంలో గాలి ఎక్కువగా దక్షిణం నుంచి వీస్తుంది, ఉత్తరానికి పోయే దోనెకు అది అనుకూలం. కార్తీకం వచ్చేసరికి ఈశాన్యపు గాలి మొదలై తిరుగు ప్రయాణానికి పనికొస్తుంది. తుపానులు కూడా ఆ నెలల్లోనే కాబట్టి, తెలిసినవాడు ఎప్పుడు బయలుదేరాలో కంటే ఎప్పుడు లంగరు వేయాలో ముందు నేర్చుకునేవాడు.

ఎదురుగాలి వస్తే? గాలికి ఎదురుగా తిన్నగా ఏ తెరచాప పడవా పోలేదు. బరువు బండి ఎత్తు ఎక్కేటప్పుడు బండివాడు ఎడ్లను అటొకసారి ఇటొకసారి మళ్ళించినట్టు, పడవను ఏటవాలుగా కుడికి కొంత, ఎడమకు కొంత నడిపిస్తారు. అప్పుడు పడవ పక్కకు జారిపోకుండా నీటిలోకి ఒక పలక దింపాలి. నాలుగు దుంగలు తాడుతో కట్టిన తెప్పలో సైతం ఆ పలక ఉండేది. ఇంగ్లీషువాడు తమిళుల కట్టుమరాన్ని ‘కెటమరాన్’ చేసి తన నిఘంటువులో పెట్టుకున్నాడు. మన తెప్పా దాని తోబుట్టువే, దానికి ఆ భాగ్యం పట్టలేదు.

సముద్రం వద్దనుకున్నవాడికి కాలువ ఉండేది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టా కాలువలన్నీ పడవదారులయ్యాయి. దక్షిణాన బకింగ్‌హాం కాలువ 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు దాకా చిన్నగా మొదలై, 1877-78 కరవు పనుల్లో సాగి, ఉత్తరాన పెదగంజాం నుంచి దక్షిణాన మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లయింది. గోదావరి, కృష్ణా కాలువలతో కలిస్తే కాకినాడలో ఎక్కిన బియ్యం బస్తా సముద్రం ముఖం చూడకుండా మద్రాసు బేసిన్ బ్రిడ్జిలో దిగేది. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ, అదీ కుదరకపోతే గట్టు మీద మనుషులు భుజాన తాడు వేసుకుని లాగడం. ఈ మూడోదాన్ని సినిమాల్లో పాటగా చూపిస్తారు. లాగినవాడి భుజానికి అది పాట కాదు. మద్రాసులో పాతకాలపు తెలుగు కుటుంబాలవారు తమ తాతలు రైల్లో వచ్చారనే చెబుతారు గాని, వారు తిన్న అన్నం, వండుకున్న కట్టె, ఉప్పు చాలాకాలం పడవలోనే వచ్చాయి. ఆ దారి మధ్యలో పులికాట్. డచ్చివాళ్ళు 1613లో కోట కట్టుకున్న ఊరు, సగం తెలుగు సగం అరవం మాట్లాడే సరస్సు.

ఒరిస్సా వైపు పోతే పూరీ తీరంలో నోలియాలు కనిపిస్తారు. యాత్రికుల చెయ్యి పట్టుకుని అలల్లో స్నానం చేయించేది వాళ్ళే. వాళ్ళలో ఎక్కువమంది ఇంట్లో తెలుగు మాట్లాడేవారని మన యాత్రికుల్లో చాలామందికి తెలియదు. అలలకు విరగకుండా, మేకు వాడకుండా, పలకలను కొబ్బరి తాడుతో కుట్టిన పడవలు ఈ తీరమంతా ఉండేవి.

మరి తెరచాప ఎందుకు పోయింది? ఇంజను వచ్చింది. గాలి కోసం కూర్చునే పని తప్పింది, చేప పాడవకముందే రేవు చేరుతుంది. పట్టినవాడికి నాలుగు డబ్బులు ఎక్కువ వచ్చే దానిని మనం కూర్చుని తప్పుపట్టలేం. పోయింది చదువు. ఆకాశం చూసి గాలి చెప్పగల తండేలు వెళ్ళిపోతే ఆ విద్య రాసిపెట్టిన పుస్తకం లేదు. మాటలూ అంతే. చుక్కాని అరబ్బీ నుంచి, లంగరు, సరంగు పారసీకం నుంచి మన నోటికి వచ్చాయి. గుర్రాలమ్మే వర్తకుడు, మిరియాలు కొనే నావికుడు ఎక్కడెక్కడి నుంచో వచ్చి మన రేవుల్లో వదిలిపోయినవి. తెప్ప, తెడ్డు, గెడ, తెరచాప మనవి. ఇవి అందరికీ తెలుసు. తెరచాపకు కట్టిన ఒక్కొక్క తాడుకూ ఉన్న పేర్లు మాత్రం పడవ నడిపిన ఇళ్ళలోని పెద్దలకే తెలుసు. మన పాఠకుల్లో గోపాలపురం, యానాం, పులికాట్ వైపువారున్నారు. ఇంట్లో తాతగారు ఉంటే అడిగి, ఆ మాటలు రాసి పంపితే ఈ పత్రికలోనే అచ్చు వేయవచ్చు.

సరదాగా నడిపే చిన్న తెరచాప పడవలు ఇప్పుడు మళ్ళీ వస్తున్నాయి. మద్రాసు యాచ్ క్లబ్బు 1911 నుంచి ఉంది. హైదరాబాదు హుస్సేన్‌సాగర్‌లో పిల్లలు ‘ఆప్టిమిస్ట్’ అనే బుల్లి పడవల్లో నేర్చుకుంటున్నారు. 1947లో అమెరికాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన పిల్లలు కట్టుకోవడానికి వీలుగా గీసిన పడవ అది, చూడటానికి స్నానాల తొట్టిలా ఉంటుంది. 2017 సెప్టెంబరులో గోవా నుంచి ‘తారిణి’ అనే 55 అడుగుల తెరచాప నౌకలో ఆరుగురు నౌకాదళ స్త్రీలు భూమి చుట్టి, 2018 మే 21న తిరిగి వచ్చారు. వారిలో విశాఖపట్నం అమ్మాయి స్వాతి, హైదరాబాదు అమ్మాయి ఐశ్వర్య ఉన్నారు. సముద్రం దాటితే కులం పోతుందన్న దేశంలో ఆడపిల్లలు గాలిని నమ్ముకుని మూడు మహాసముద్రాలు దాటివచ్చారు.

యానాం పోయేవారు వరదలు తగ్గాక, సంక్రాంతికి ముందు పోండి. కాకినాడ నుంచి బస్సులో తాళ్ళరేవు మీదుగానే దారి. గట్టు మీద విగ్రహాలు చూసి వెనక్కి తిరగకుండా కొంచెం పక్కకు, చేపల పడవలు ఆగే చోటికి నడవండి. డీజిలు ధర ఎక్కువై, ఎరువుల బస్తాలు కుట్టి తెరచాప కట్టుకున్న నాటు పడవ ఒక్కటైనా సాయంత్రం గాలికి ఒడ్డుకు వస్తూ కనిపించవచ్చు.