బండి ఱ మోసిన బరువు

సూర్యాపేట, మిర్యాలగూడ. ఈ రెండు పేర్లలోనూ ‘ర్య’ ఉంది. ఇవాళ దాన్ని ర పూర్తిగా రాసి, కింద య ఒత్తు పెట్టి రాస్తున్నాం. గత శతాబ్దం తొలినాళ్ల పుస్తకం ఏదైనా తెరిస్తే ఇదే జంట తిరగబడి కనిపిస్తుంది. అక్కడ య నిండుగా ఉంటుంది, ర చిన్న గుర్తుగా మారి దాని కుడిపక్కకు చేరుతుంది. దాని పేరు వలపలగిలక. చూడటానికి అచ్చం తొమ్మిది అంకెలా ఉంటుంది: సూయా౯పేట, మియా౯లగూడ. ఇప్పటి బడిపిల్లలకు ఈ రెండు పేర్లు ఇలా రాసి చూపిస్తే, పేరు మధ్యలో తొమ్మిది ఎందుకొచ్చిందని అడుగుతారు. అదే ర మరో హల్లు తర్వాత పలికితే క్రావడిగా మారి, ‘క్ర’లోలా ఆ హల్లును కిందినుంచి చుట్టుకుంటుంది. వీటికి తోడు బండి ఱ ఒకటి ఉండేది. పండితులు దాన్ని శకటరేఫ అన్నారు, మామూలు ర ను సాధురేఫ అన్నారు.

ఒక్క అక్షరం ఇన్ని వేషాల్లో తిరగడమే కాదు, ఇన్ని కొలువులు చేయడం కూడా అరుదే. ఛందస్సులో ర అంటే గురువు, లఘువు, గురువు వచ్చే గణం. అక్షరాలతో అంకెలు చెప్పే కటపయాది లెక్కలో ర అంటే రెండు. మంత్రశాస్త్రంలో ‘రం’ అగ్నిబీజం. నక్షత్రాన్ని బట్టి పేరు పెట్టేవాళ్లకు రా, రీ చిత్త పాదాలు, రూ, రే, రో స్వాతి పాదాలు. చిల్లర కొట్టు చిట్టాలో ‘రూ.’ అంటే రూపాయలు. 2010లో వచ్చిన రూపాయి గుర్తులోనూ ఉన్నది దేవనాగరి ర యే. ఇక నల్లగొండ, సూర్యాపేట పల్లెల్లో చనువున్నవాళ్ల మధ్య మాట చివర ‘ర’ చేరకుండా ఒక పూట గడవదు.

ఈ కొలువులకు వచ్చిన ముప్పేమీ లేదు. పోయినవి రెండు రూపాలు, వలపలగిలక, బండి ఱ. రెంటినీ ఒకే గాటన కట్టి, పాత లిపి చాదస్తాలని పక్కన పెట్టేశాం. నా అభ్యంతరమల్లా అక్కడే. వలపలగిలక పోతే తెలుగుకు పోయింది ఏమీ లేదు. ముందు పలికే ర ను తర్వాత రాసే ఏర్పాటు అది, అంతే. సూర్య అనే మాటను ఎలా రాసినా పలుకు ఒకటే, అర్థం ఒకటే. కన్నడంలో ఈ పద్ధతి నేటికీ నడుస్తోంది. బెంగళూరులో ఏ బోర్డు మీదైనా ‘సూర్య’లోని ర, య కు కుడిపక్కనే కనిపిస్తుంది. వాళ్లు దాన్ని ఉంచుకున్నందువల్ల మనకంటే ఎక్కువ అర్థం దక్కించుకున్నదీ లేదు, మనం వదిలేసి పోగొట్టుకున్నదీ లేదు. బండి ఱ సంగతి అలా కాదు. అది వేరే ధ్వనికి పెట్టిన అక్షరం. ఆ ధ్వని మీద మాటల అర్థాలు ఆధారపడి ఉండేవి.

‘ఊరు’ అంటే మనుషులుండే చోటు. ‘ఊఱు’ అంటే నీరు ఊరడం. ‘వేరు’ చెట్టుకు ఉండేది, ‘వేఱు’ అంటే మరొకటి. ‘ఏరు’ అంటే నాగలి, ‘ఏఱు’ అంటే నది. ఇవి పండితులు కల్పించిన తేడాలైతే పక్క భాషల్లో కనిపించకూడదు. తమిళంలో ఊరిని ఊర్ అంటారు, ఊరడాన్ని ఊఱు అంటారు. చెట్టు వేరు వేర్, మరొకటి అనే మాట వేఱు. నాగలి ఏర్, నది ఆఱు. తమిళ పిల్లలు ఈ రెండు ర లనూ నేటికీ వేర్వేరు అక్షరాలతో రాస్తారు. మలయాళీలు రాయడమే కాదు, నోటితోనూ వేరుగా పలుకుతారు. అంటే ఈ తేడా ఈ భాషలు విడిపోకముందునుంచీ ఉన్నది. మన దగ్గర ధ్వని కరిగిపోయాక గుర్తు మాత్రం కొన్ని వందల ఏళ్లు నిలిచింది.

ఇప్పుడు కోదాడ వైపు వద్దాం. అక్కడినుంచి విజయవాడ దారి పడితే రెండు రాష్ట్రాల సరిహద్దులో పాలేరు దాటాలి. ఆ పేరు చివర ఉన్నది ఏఱు. కోదాడకు దక్షిణాన మేళ్లచెరువు ఉంది. మిర్యాలగూడ దాటితే దామరచర్ల, హుజూర్‌నగర్ వైపు తిరిగితే నేరేడుచర్ల. ఊళ్ల పేర్ల చివర వచ్చే ఈ ‘చర్ల’ ‘చెఱువుల’ నుంచి వచ్చిందని స్థలనామాలు పరిశోధించినవాళ్లు చెబుతారు. చెఱువు బండి ఱ మాట. నేరేడు చెట్ల చెరువు, తామరల చెరువు ఆ పేర్లలో ఉన్నాయన్నమాట. సాగర్ ఎడమ కాలువ రాకముందు ఈ నేల ఏ నీటిని నమ్ముకుని బతికిందో చెప్పే సాక్ష్యాలివి. ‘చర్ల’ అంటే ఏదో ఊరి పేరు తోక అనుకునేవారికి ఆ చెరువు కనిపించదు.

సూర్యాపేట పక్కనే ఉన్న పిల్లలమర్రి ఇంకా గట్టి ఉదాహరణ. కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లు అక్కడ శివాలయాలు కట్టించారు. ఆ రేచర్లలో ఉన్నదీ చెరువే. గణపతిదేవుని కాలంలో, 1208లో వేసిన శాసనం ఆ ఊళ్లో ఉంది. ఆ కాలపు తెలుగులో ఱ నిత్యం వాడిన అక్షరం. తవ్వించిన చెరువుల గురించి, వాటి కింద గుడికి ఇచ్చిన పొలాల గురించి చెప్పే శాసనాల్లో అది లేకుండా పని నడవదు. ఊరి పేరులోని మఱ్ఱి కూడా బండి ఱ మాటే. శృంగార శాకుంతలం, జైమిని భారతం రాసిన 15వ శతాబ్ది కవి పినవీరభద్రుడి ఇంటిపేరును పాత పుస్తకాల్లో పిల్లలమఱ్ఱి అనే అచ్చువేశారు.

నోట పలకని తేడాను చేత్తో ఎందుకు రాయాలన్నది మొదటి ఆక్షేపణ. న్యాయమైనదే. రాయమని నేనూ అనను. ఊరు, ఊఱు ఒక్కలాగే పలికే పిల్లవాడికి ఏ మాటలో ఏ ర వస్తుందో బట్టీ పట్టించడం శిక్షే. కవులే ఈ రెంటినీ కలిపేశారు కదా అన్నది రెండోది. అదీ నిజమే. మొదట్లో యతిప్రాసల్లో వీటిని వేరుగా పాటించారు, తర్వాత చాలామంది కలిపారు. 17వ శతాబ్దిలో అప్పకవి ఏది లఘురేఫో (ర), ఏది అలఘురేఫో (ఱ) కూర్చుని విడమరచి చెప్పాల్సి వచ్చిందంటేనే అప్పటికి చెవి ఆ తేడాను మరిచిపోయిందని తెలుస్తోంది. అయితే ఈ రెండు ఆక్షేపణలూ రాతకు సంబంధించినవి. చదువుకు సంబంధించినవి కావు. ఒక అక్షరాన్ని రాయకపోవడం వేరు, ఎదురుపడితే పోల్చుకోలేకపోవడం వేరు.

గిడుగు రామమూర్తి ఈ విషయంలో నాకు గొప్ప ఆధారం. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లోకి రావాలని జీవితమంతా పోరాడిన మనిషి ఆయన. శ్రీముఖలింగం గుడి శాసనాలను ఎవరి సాయమూ లేకుండా చదవడం నేర్చుకున్నదీ ఆయనే. కొత్త తెలుగు రాయడానికి, పాత తెలుగు చదవడానికి మధ్య వైరం లేదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. పాత అక్షరాలు చదవడం పరిశోధకుల పని అనేవారూ ఉన్నారు. శాసనం నకలు తీయడం వాళ్ల పనే, ఒప్పుకుంటాను. కానీ ఆ నకలు పుస్తకంగా అచ్చయ్యాక అందులో ‘చెఱువు’ అని ఉంటే సూర్యాపేట డిగ్రీ విద్యార్థి అక్కడ ఆగిపోకూడదు. హైస్కూల్లో ఒక్క పాఠం, అందులో తన ఊరి చుట్టుపక్కల పేర్లు నాలుగు ఉంటే చాలు. పిల్లలమర్రి గుళ్ల దగ్గర పెట్టే బోర్డు మీద ఊరి పాత రాతను కూడా పక్కనే చూపించవచ్చు, దానికి ఖర్చేమీ పెరగదు.

కంప్యూటర్ వచ్చాక ఈ అవసరం పెరిగిందే తప్ప తగ్గలేదు. యూనికోడ్‌లో ర సంఖ్య 3120, ఱ సంఖ్య 3121. మనకు ఒకటే అనిపించే ఆ రెండూ యంత్రానికి రెండు వేర్వేరు అక్షరాలు. శాసనాల తెలుగులో ఱ కు దగ్గరగా, ట కార ఛాయతో పలికిన మరో అక్షరం ఉండేది. తమిళంలోని మూన్ఱు, పన్ఱి మన నోట మూడు, పంది కావడం వెనక ఉన్న ధ్వని అదే. దానికి కూడా 2015లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అక్షరాలన్నీ భద్రంగానే ఉన్నాయి, వాటిని అడగడం మనకు రావాలి. పాత పుస్తకాలు వరుసగా కంప్యూటర్లలోకి ఎక్కుతున్నాయి. మిర్యాలగూడలో కూర్చుని ఎవరైనా ‘పిల్లలమర్రి’ అని వెతికితే, ఇచ్చిన అక్షరాలనే వెతికే చోట పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడి పాత ముద్రణలు రావు. రెండో రాతతో మళ్లీ వెతకాలని తెలిసినవారికే అవి దొరుకుతాయి.