ఫార్వర్డ్ చేయరాని ఉత్తరం

స్టార్టప్‌ల మీద కవర్ స్టోరీ కావాలన్నారు ఎడిటర్‌గారు. హైటెక్ సిటీ అద్దాల మేడలు వద్దట, చిన్న ఊరు కావాలట. పేజీలు గురువారం సాయంత్రానికల్లా ప్రెస్సుకు పోవాలి. చిత్తూరు జిల్లాలో, పుత్తూరు పక్కనున్న కార్వేటినగరం పేరు చెబితే ఆయన సరేనన్నారు. పిచ్ డెక్ అంటే ఏమిటని అక్కడ బస్టాండులో అడిగితే నవ్వుతారు. చీటీ అంటే మాత్రం చంటిపిల్లల తల్లి దగ్గర్నుంచి రిటైరైన పంతులుగారి దాకా లెక్క చెప్పగలరు. అందుకే ఈ కథనం యాప్‌ల గురించి తక్కువ, డబ్బు ఒక చేతి నుంచి ఇంకో చేతికి ఎలా వెళ్తుందన్నదాని గురించి ఎక్కువ.

ముందు అమ్మకం సంగతి. ఈ ఊళ్లలో వాట్సాప్ స్టేటసే అంగడి. చీర ఫొటో, కింద ధర, ఆ కింద ‘కావలసినోళ్లు పర్సనల్‌కి రండి అక్కా’ అని ఒక ముక్క. ఆవకాయ, మామిడి తాండ్ర, జాకెట్ల మీద మగ్గం వర్కు, అన్నీ ఇదే దారి. షాపు అద్దె లేదు, ప్రకటన ఖర్చు లేదు. ఈ అక్కల బలం చూసే 2015లో పుట్టిన మీషో తన వ్యాపారాన్ని కట్టుకుంది. ఫేస్‌బుక్ మన దేశంలో మొట్టమొదట పెట్టుబడి పెట్టిన స్టార్టప్ కూడా అదే, 2019లో. అమ్మకానికి ఫార్వర్డ్ ఎంత తిరిగితే అంత లాభం. చిక్కంతా పెట్టుబడి దగ్గరే.

అక్కడే నాకొక కాగితం దొరికింది. దాని పేరు పీఏఎస్-4. ప్రైవేటు కంపెనీ బయటివాళ్లకు షేర్లు ఇవ్వాలంటే కంపెనీల చట్టం, 2013లోని 42వ సెక్షన్ ప్రకారం పంపవలసిన ఆఫర్ లెటర్ అది. చదవడానికి ఇంత రుచిగా ఉండే ప్రభుత్వ ఫారం నేను చూడలేదు. ప్రతి ప్రతికీ వరుస నంబరు ఉండాలి. ఎవరికి పంపుతున్నారో వాళ్ల పేరు దానిమీద ఉండాలి. అందుకున్నవాడు ‘నాకొద్దులే, మా బావమరిదికి ఇవ్వండి’ అనడానికి వీల్లేదు. బావమరిదికి కావాలంటే ఆయన పేరుతో ఇంకో ఉత్తరం రావలసిందే. డబ్బు నగదుగా తీసుకోకూడదు. పెట్టేవాడి సొంత బ్యాంకు ఖాతా నుంచే రావాలి. అందిన 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి. కేటాయించలేకపోతే ఆ తర్వాత 15 రోజుల్లో తిరిగిచ్చేయాలి. అదీ చేయకపోతే ఏటా 12 శాతం వడ్డీతో కట్టాలి. ఒక ఆర్థిక సంవత్సరంలో ఇలా అడగదగ్గది మొత్తం మీద 200 మందిని మాత్రమే. ఉద్యోగులకిచ్చే స్టాక్ ఆప్షన్లూ, పెద్ద ఆర్థిక సంస్థలూ ఈ లెక్కలోకి రావు.

అసలు మెలిక ఏడో ఉపసెక్షన్‌లో ఉంది. ఈ షేర్ల సంగతి జనానికి తెలిపేందుకు కంపెనీ బహిరంగ ప్రకటన ఇవ్వకూడదు, మీడియాను వాడకూడదు, మార్కెటింగ్ మార్గాలు తొక్కకూడదు, ఏజెంట్లను పెట్టకూడదు. ముందే ఎంచుకున్న ఆ 200 మంది పరిమితి దాటి అడిగితే దాన్ని పబ్లిక్ ఇష్యూగానే లెక్కగడతారు. అంటే పెద్ద కంపెనీలు మర్చంట్ బ్యాంకర్లను పెట్టుకుని సెబీ ముందు చేసే తతంగమంతా చిన్నవాడి మెడకు చుట్టుకుంటుంది.

కార్వేటినగరం కుర్రాడు ఒకడు తోతాపురి గుజ్జు కంపెనీ పెట్టాడనుకుందాం. 2025 వేసవిలో ధర పడిపోయి, ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు ఎదురివ్వవలసి వచ్చిన కాయ అది. ఆలోచన బంగారం లాంటిదే. గుజ్జు డబ్బాల ఫొటోలు పదో తరగతి బ్యాచ్ గ్రూపులో పెట్టాడు, ఫర్వాలేదు. మర్నాడు అదే గ్రూపులో ‘మన కంపెనీలో తలా పదివేలు పెట్టండి మామా, వాటా ఇస్తా’ అని రాశాడు. గీత దాటాడు. పోనీ అప్పుగా తీసుకుందామా? కంపెనీ స్నేహితుల దగ్గర తీసుకునే అప్పు డిపాజిట్ కిందికి వస్తుంది, అదీ కుదరదు. డైరెక్టరూ, ఆయన బంధువులూ ఇస్తే కొంత వెసులుబాటు ఉంది. గుర్తింపు పొందిన స్టార్టప్‌లకు కన్వర్టిబుల్ నోట్ అని, అంటే తర్వాత వాటాగా మార్చుకోగల అప్పు అని, మరో తలుపు తెరిచారు. ఒకే మనిషి, ఒకే విడతలో, తక్కువలో తక్కువ 25 లక్షలు ఇవ్వాలి! ఈ నిబంధన రాసినాయనకు కార్వేటినగరంలో చుట్టాలెవరూ లేరని తెలిసిపోతూనే ఉంది.

అందుకే జనం చీటీకి పోతారు. ఇరవై మంది, నెలకు ఐదువేలు, లక్ష రూపాయల చీటీ. కుర్రాడికి బాయిలర్ అర్జెంటు. పాటలో 25 వేలు వదులుకుని 75 వేలు ఎత్తుకుంటాడు. ఆ 25 వేలల్లో ఐదువేలు నడిపేవారి కమిషన్. మిగతా 20 వేలు ఇరవై మందికీ తలా వెయ్యి. అంటే ఆ నెల ఎవరైనా కట్టేది నాలుగువేలే. షేర్ లేదు, వాల్యుయేషన్ లేదు. పాడినవాడు కట్టకపోతే మర్నాడు పొద్దున్నే గుమ్మం ముందు పదిమంది ఉంటారు. 1982 నాటి చిట్‌ఫండ్ చట్టాన్ని 2019లో సవరించినప్పుడు కమిషన్ గరిష్ఠాన్ని 5 నుంచి 7 శాతానికి పెంచారు. పాటకు వీడియో కాల్‌లో హాజరు కావడానికీ వీలిచ్చారు. నాకు చీటీ అంటే ముచ్చటే. అయితే రిజిస్ట్రారు దగ్గర నమోదు కాని చీటీ నేరమని, వీధి చీటీల్లో ఎక్కువ అలాంటివేనని చెప్పకుండా ఈ ముచ్చట ముగించకూడదు.

చరిత్ర కూడా రాయమన్నారు కాబట్టి నాలుగు ముక్కలు. కార్వేటినగరం ఒకప్పుడు పెద్ద జమీందారీ, బొమ్మరాజుల సంస్థానం. వేణుగోపాలస్వామి గుడి ఇప్పుడు టీటీడీ చేతిలో ఉంది. పక్కనే స్కంద పుష్కరిణి. సారంగపాణి పదాలు, గోవిందసామయ్య వర్ణాలు ఈ సంస్థానం నీడలోనివే. సంగీతానికి పెట్టుబడి రాజు పెట్టేవాడు, రాజుకు షావుకారు అప్పిచ్చేవాడు. చివరికి జమీ అప్పుల్లో కూరుకుంది.

ఇక వాటాలు అడిగేవాళ్లను చట్టం ఎందుకింత బిగించాలో తెలియడానికి మన రాష్ట్రం వాళ్లకు అగ్రిగోల్డ్ పేరు చాలు. దాదాపు 32 లక్షల మంది డిపాజిటర్లు, వాళ్లకు తిరిగిరాని డబ్బు 6,380 కోట్లకు పైగా. టీవీ ప్రకటనల కంటే ఏజెంట్లే ఆ కంపెనీ బలం. ఆ ఏజెంటు పక్కింటివాడు, తోడల్లుడు, పిల్లవాడి ట్యూషన్ మాస్టారు. ముక్కూమొహం తెలియనివాడు అడిగితే మనం వందైనా ఇవ్వం. తెలిసినవాడు అడిగేసరికి కాగితం చూడటం అవమానమనిపిస్తుంది. 2019లోనూ 2021లోనూ రాష్ట్ర ప్రభుత్వం చిన్న డిపాజిటర్లకు ఖజానా నుంచి కొంత చెల్లించింది. ఏడో ఉపసెక్షన్ మీద విసుక్కున్న ప్రతిసారీ నాకు ఈ సంగతి గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. కానీ 25 లక్షల గీత మీద నా విసుగు తగ్గలేదు.

ఊరి పరిచయాలతోనే చట్టబద్ధంగా మూలధనం కూడగట్టినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. తిరుపతి కేంద్రంగా 2014లో మొదలైన శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీలో వాటాదారులంతా ఆడవాళ్లే, లక్షకు పైమాటే. పాలు పోసేవాళ్లే వాటా కొంటారు, పోయనివాళ్లకు అందులో చోటు లేదు. ప్రైవేటు కంపెనీకుండే 200 మంది సభ్యుల పరిమితి ఉత్పత్తిదారుల కంపెనీకి లేదు. వాటాలెన్ని ఉన్నా మనిషికి ఒకటే ఓటు. 2022లో మన దేశంలో జరిగిన ప్రపంచ డెయిరీ సదస్సులో మహిళా సాధికారత విభాగంలో శ్రీజకు అవార్డు కూడా వచ్చింది. స్టార్టప్ పండుగల్లో ఈ పేరు ఎవరూ ఎత్తరెందుకో! తోతాపురి రైతులకు పనికొచ్చే నమూనా ఇదేనని నా అభిప్రాయం.

బాక్స్: టికెట్ దొరకని పండగ
2005 దీపావళికి బెంగళూరులో బస్సు టికెట్ దొరక్క ఇంటికి వెళ్లలేకపోయిన నిజామాబాద్ యువకుడు ఫణీంద్ర సామ, మరుసటి ఏడాది ఇద్దరు మిత్రులతో రెడ్‌బస్ పెట్టారు. ముందు దొరికింది డబ్బు కాదు, టై అనే పారిశ్రామికవేత్తల సంఘంలో దారి చూపే పెద్దలు. సీడ్‌ఫండ్ పెట్టుబడి ఆ తర్వాత వచ్చింది. 2013లో కంపెనీని ఐబిబో గ్రూపు కొనేసింది.

బాక్స్: సర్కారు సొమ్ము
2021లో కేంద్రం 945 కోట్లతో సీడ్ ఫండ్ పథకం తెచ్చింది. నమూనా తయారీకి 20 లక్షల వరకు గ్రాంటు, వ్యాపారం పెంచడానికి 50 లక్షల వరకు రుణం లాంటి సాయం. నేరుగా చేతికి కాదు, ఇంక్యుబేటర్ల ద్వారానే. 2025 ఆగస్టులో మంగళగిరిలో మొదలైన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌కు తిరుపతిలోనూ కేంద్రం ఉంది. కార్వేటినగరం కుర్రాడికి దగ్గరి గుమ్మం అదే.

చివరగా ఒక మనవి. మీ గ్రూపులో ఎవరైనా, ఎంత కావలసినవాళ్లయినా సరే, ‘మన కంపెనీలో వాటా’ అని పెడితే మొహమాటపడకండి. ‘నా పేరు రాసిన పీఏఎస్-4 పంపు నాయనా, డబ్బు నా ఖాతా నుంచి కంపెనీ ఖాతాకే వేస్తా’ అనండి. నిజమైనవాడైతే పంపుతాడు. అక్రమంగా డిపాజిట్లు దండుతున్నారనిపిస్తే ఫిర్యాదుకు రిజర్వ్ బ్యాంకు వారి సచేత్ పోర్టల్ ఉంది.